చెక్క ఖర్చు ఇస్తే చాలదు

రవీంద్రనాథ్ ఠాగూర్ కుమారుడు రథీంద్రనాథ్ అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చదువుకుని 1909లో తిరిగొచ్చారు. తండ్రి పెట్టిన సంస్థల భారాన్ని దశాబ్దాల తరబడి మోశారు. 1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైనప్పుడు తొలి ఉపకులపతి ఆయనే. ఇన్ని బాధ్యతల మధ్యా ఆయన మనసు చెక్కపని మీదే ఉండేది. శాంతినికేతన్‌లోని ఉత్తరాయణ్ ఆవరణలో గుహాఘర్ అనే చోట ఆయన కార్ఖానా. వేరువేరు రంగుల కలపముక్కలు పొదిగి పెట్టెలూ ఇంటి సామాన్లూ చేసేవారు. పుట్టింది కళాకారుల ఇంట్లో, చదివింది విజ్ఞానశాస్త్రం, చేసింది మాత్రం తోలుపనీ వడ్రంగిపనీ అని తన గురించి తానే చెప్పుకున్నారు.

అదే కుటుంబంలో అవనీంద్రనాథ్ ఉన్నారు. 1871లో ఉత్తర కలకత్తాలోని జొరాసాంకోలో పుట్టి, 1905లో వేసిన 'భారతమాత' చిత్రంతో దేశమంతటికీ తెలిసిన చిత్రకారుడు. పెద్దవయసులో కుంచె పక్కన పెట్టి ఎండుకొమ్మలు, వెదురు వేర్లు, రాలిన కాయలు ఏరుకోవడం మొదలుపెట్టారు. కొమ్మ వంపులో ఒక పక్షి, వేరు ముడిలో ఒక ముసలమ్మ ఆయనకు కనిపించేవి. కొద్దిగా కోసి, ఇంకో ముక్క తగిలించి ఆ రూపాన్ని పైకి తెచ్చేవారు. వాటికి కాటుమ్ కుటుమ్ అని పేరు పెట్టుకున్నారు. జొరాసాంకో ఇల్లు విడిచి బారానగర్‌లోని గుప్తనివాస్‌కు మారాక కూడా ఈ పని సాగింది. అవి బజారు కోసం చేసినవి కావు. పిల్లలు చూడాలి, ఇంటికొచ్చినవాళ్లు చూడాలి, అదే ఆయన కోరుకున్నది.

ఇద్దరూ పేరున్న కుటుంబంలో పుట్టినవాళ్లు, వాళ్ల మాట వేరు అనుకోవచ్చు. కానీ ఇవాళ సాల్ట్‌లేక్‌లోనో గరియాలోనో బెహాలాలోనో ఒక ఫ్లాటు బాల్కనీలో చిన్న బెంచీ బిగించుకుని, సెలవురోజు చిత్రిక పట్టుకునే ఉద్యోగికి కూడా చేసినదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఎదురవుతుంది. నిమ్‌తలా వీధి కలప అడితీల దగ్గర మిగులు టేకుముక్కలు కొనుక్కొస్తాడు. ఒక పోపులపెట్టె చేస్తాడు, ఒక పుస్తకాల స్టాండు చేస్తాడు. నలుగురికీ చూపిస్తాడు. చూపించిన వారంలోపే ఒక మాట వస్తుంది. బెంగాలీ పొరుగువాడైతే "దాదా, కతో దామ్?" (ధర ఎంత) అంటాడు. మన చుట్టమైతే "అన్నయ్యా, చెక్క ఖర్చు ఇచ్చేస్తాను, నాకూ ఒకటి చేసిపెట్టవా" అంటుంది. మొదటి మాటలో మొహమాటం లేదు. రెండో మాటలో ప్రేమ ఉంది, చిక్కంతా కూడా అందులోనే ఉంది.

చేతిపనిని పంచాలా, అమ్మాలా అన్న ఈ ప్రశ్న మీద కలకత్తాలోనూ, దాని చుట్టుపక్కల బెంగాల్‌లోనూ నూట యాభై ఏళ్లకు పైగా ఆలోచన సాగింది, ప్రయోగాలు జరిగాయి. దేశంలో మరే నగరం దీన్ని ఇన్ని వైపుల నుంచి పరీక్షించి చూడలేదని నా నమ్మకం. అందుకే ఆ చరిత్రను ఒకసారి తిరగేయడం అవసరం.

1867లో నవగోపాల్ మిత్రా మొదలుపెట్టిన హిందూ మేళా నాటికి చేతిపని అంటే ముందు ప్రదర్శన. మన చేతులకు ఏమి వచ్చో మనమే చూసుకోవాలన్నది ఉద్దేశం. స్వదేశీ ఉద్యమం దగ్గరికొచ్చేసరికి చూపు మారింది. సరళాదేవి చౌధురాణి కలకత్తాలో లక్ష్మీర్ భండార్ పేరుతో దేశీ వస్తువుల దుకాణం తెరిచారు. చూసి మెచ్చుకుంటే సరిపోదు, కొనాలి అన్నది ఆమె పట్టు. 1922లో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ తోడ్పాటుతో రవీంద్రుడు సురుల్‌లో శ్రీనికేతన్ నెలకొల్పారు. అక్కడి శిల్పభవన్‌లో నేత, తోలుపని, చెక్కపని, లక్కపని నేర్పడంతోపాటు ఆ వస్తువులు అమ్ముడయ్యే దారి వెతకడం కూడా పనిలో భాగమే. 1938లో కలకత్తాలో శ్రీనికేతన్ వస్తువుల భండారం తెరిస్తే ప్రారంభించినవారు సుభాష్ చంద్రబోస్. పల్లెలో చేసిన వస్తువు పల్లెలోనే ఉండిపోతే చేసినవాడికి తిండి పెట్టలేదని శ్రీనికేతన్ వాళ్లకు అప్పటికి బాగా తెలిసొచ్చింది.

ఈ మధ్యలోనే, 1930లో, శాంతినికేతన్ కళాకారులు తమ గురువు, చిత్రకారుడు నందలాల్ బోస్ అండతో కారుసంఘ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నారు. చదువు పూర్తయిన కళాకారుడు ఉద్యోగం వెతుక్కుంటూ ఊరు విడిచి పోకుండా, బొమ్మలకో అలంకరణ పనులకో ఆర్డర్లు తెచ్చుకుని, సంపాదించింది పంచుకుని బతకడం దాని లక్ష్యం. నందలాల్ దృష్టిలో కళకూ చేతిపనికీ మధ్య గోడ లేదు. చేసింది అమ్మితే కళ మైలపడిపోతుందన్న భయం ఆయనలో కనపడదు. శిష్యుడు ఆకలితో ఉండకూడదన్న పట్టింపు మాత్రం కనపడుతుంది.

1937లో గాంధీజీ వార్ధా విద్యాపథకంతో ఈ ప్రశ్నకు పదును పెట్టారు. పిల్లల చదువంతా ఒక చేతిపని చుట్టూ తిరగాలి, ఆ పనిలో తయారైన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చులో వీలైనంత భాగం గిట్టుబాటు కావాలి అన్నది ఆ ఆలోచన. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కమిటీ పాఠ్యప్రణాళిక రాసింది. బడి కార్ఖానా అయిపోతుందని, ఉపాధ్యాయుడు తన జీతం కోసం పిల్లల చేత పని చేయిస్తాడని విమర్శలు వచ్చాయి. చేతిపనిని చదువులోకి తేవడం మీద అంత గొడవ లేదు. చేసినదాన్ని అమ్మడమే గొడవ. దీనికి పూర్తి భిన్నమైన పద్ధతి అప్పటికే ఉత్తర ఐరోపా దేశాల్లో ఉంది. ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయస్, స్వీడన్‌లోని నెస్ అనే చోట ఒట్టో సలోమన్ పెంచిన స్లాయిడ్ అనే చెక్కపని చదువులో పిల్లవాడు చేసిన చెంచా, గరిటె, పెట్టె ఇంటికి వెళ్లాలి, ఇంట్లో వాడకంలో ఉండాలి. శాంతినికేతన్‌లో చదివిన లక్ష్మీశ్వర్ సిన్హా 1928లో ఈ విద్య కోసమే స్వీడన్ వెళ్లి నేర్చుకొచ్చారు. అంటే శాంతినికేతన్ వాళ్లకు రెండు దారులూ తెలుసు. చిన్నపిల్లల విషయంలో నాకు స్లాయిడ్ దారే సరైనదనిపిస్తుంది. పదేళ్ల పిల్లవాడు చేసిన చెంచా వాళ్లమ్మ వంటింట్లో ఉండాలి గాని దుకాణంలో కాదు.

పెద్దవాళ్ల సంగతికొస్తే, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ నందన్ మేళా. 1973 నుంచి శాంతినికేతన్‌లోని కళాభవన్ విద్యార్థులూ అధ్యాపకులూ కలిసి నందలాల్ పుట్టినరోజైన డిసెంబర్ 3కు ముందు రెండు రోజులు తాము చేసిన వస్తువులను అమ్ముతారు. డబ్బు ఎవరి జేబులోకీ పోదు, కష్టంలో ఉన్న విద్యార్థుల సహాయనిధికి చేరుతుంది. పేరున్న కళాకారుడి పని, మొదటి ఏడాది విద్యార్థి పని ఒకే వరసలో, మామూలు మనిషి కొనగలిగే ధరలో ఉంటాయి. దీనికంటే ముందే బరోడాలో కె.జి.సుబ్రమణ్యన్ ఫైన్ ఆర్ట్స్ మేళా కోసం చెక్కబొమ్మలు చేసేవారు. చెక్కముక్క, తోలు, పూసలు, కొంచెం రంగు కలిస్తే ఒక జంతువు. అంత పెద్ద కళాకారుడు పిల్లల కోసం బొమ్మలు చేసి, మేళాలో చౌకగా అమ్మేందుకు పెట్టారు. ఆ డబ్బూ అందరిదే.

మేళా బజారుగా మారితే ఏమవుతుందో కూడా శాంతినికేతన్ చూసింది. సోనాఝురి చెట్ల నీడలో కళాకారిణి శ్యామలీ ఖాస్త్‌గీర్ మొదలుపెట్టిన శనివారం సంత (హాట్)లో ఎవరు చేసింది వాళ్లే తెచ్చి అమ్ముకోవాలన్నది ఉద్దేశం. పర్యాటకులు పెరిగారు, దుకాణాలు పెరిగాయి. ఎక్కడో గుత్తగా కొని తెచ్చిన సరుకు చేతిపని పక్కన చేరింది. ఇప్పుడు అక్కడ వస్తువు చేసిన మనిషినే చూసి కొనాలంటే వెతుక్కోవాలి.

ఇక మనసు సంగతి. డబ్బు తీసుకుంటే పనిలో సంతోషం పోతుందా? అభిరుచిగా చెక్కపని చేసేవాళ్లలో చాలామంది భయం ఇదే. దీనిమీద మనస్తత్వశాస్త్రంలో రెండు పాత ప్రయోగాలున్నాయి. 1971లో ఎడ్వర్డ్ డెసి కాలేజీ విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చారు. పరిష్కరించినందుకు డబ్బు తీసుకున్నవాళ్లు, ఆ డబ్బు ఆగిపోయాక తీరిక సమయంలో పజిల్ జోలికి తక్కువగా వెళ్లారు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే ముందే మాట ఇచ్చిన పిల్లలే బొమ్మలు వేయడం తగ్గించారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్ల ఇష్టం తగ్గలేదు. బహుమతుల ప్రభావం ఎంత దూరం ఉంటుందన్న దానిమీద 1990లలో శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది. అయినా ఈ రెండో ప్రయోగంలో చెక్కపనివాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. చేసి పెట్టిన వస్తువు ఎవరికో నచ్చి కొనుక్కుపోవడం వేరు, అడ్వాన్సు తీసుకుని ఫలానా తేదీకి ఫలానా కొలతతో చేసివ్వడం వేరు. సంతోషాన్ని తినేసేది అమ్మకం కాదు, ఆర్డరు. అభిరుచి నిలబడాలనుకునేవాళ్లు ముందు తమకు నచ్చింది చేసుకుని, ఆ తర్వాత కావలసినవాళ్లకు అమ్మడం మేలు. ఒకే కొలతలో పన్నెండు ట్రేలు కావాలని ఒక కంపెనీ దీపావళికి అడిగిందంటే అది ఇక ఆదివారం పని కాదు, ఉద్యోగం. ఉద్యోగంగా చేయదలచుకుంటే నిక్షేపంగా చేయొచ్చు, కానీ తెలిసి చేయాలి.

ఇంకో అధ్యయనం ధర గురించి. 2012లో నార్టన్, మోచోన్, ఏరియలీ చేతితో బిగించిన పెట్టెలతోనూ మడిచిన కాగితం బొమ్మలతోనూ పరీక్షించి చూశారు. తాము చేసిన వస్తువుకు మనుషులు, అదే వస్తువు చేయనివాళ్లకంటే చాలా ఎక్కువ విలువ కట్టారు. పెద్దగా చేయి తిరగనివాళ్లు మడిచిన కాగితం కప్పకు నిపుణుడు మడిచినదానితో దాదాపు సమానంగా విలువ కట్టుకున్నారు. పైగా ఇతరులు కూడా అంతే ఇస్తారనుకున్నారు. కాబట్టి మన పెట్టెకు మన కళ్లు చెప్పే ధరను నమ్మడానికి లేదు. మొహమాటం చెప్పే ధరనూ నమ్మడానికి లేదు. మరి ఎవరిని అడగాలి?

ఇక్కడే ఆ "చెక్క ఖర్చు" మాట దగ్గరికి తిరిగి రావాలి. ఈ ప్రశ్న మొత్తంలో నాకు ఖాయంగా తప్పనిపించే దారి ఇది ఒక్కటే. ఊరికే ఇస్తే అది కానుక. పూర్తి ధరకు అమ్మితే అది వ్యాపారం. రెండింటికీ గౌరవం ఉంది. చెక్కకూ స్క్రూలకూ పాలిష్‌కూ అయినంత మాత్రం తీసుకుని, పని ఊరికే చేశాననుకోవడం మాత్రం ఒక విలువ ప్రకటించడమే. ఆ విలువ ప్రకారం వడ్రంగి పనికి ధర సున్నా.

లెక్క వేసి చూద్దాం. ఒక స్టూలుకు కలప, సామాను కలిపి 800 రూపాయలు అయిందనుకుందాం. వడ్రంగి మిస్త్రీ రోజుకూలి 1,000 రూపాయలు, ఆయన ఆ స్టూలును ఒక రోజులో తేలుస్తాడనుకుందాం. అభిరుచిగా చేసేవాడికి మూడు సెలవురోజులు పడుతుంది. ఇందులో న్యాయమైన ధర ఏది? మూడు రోజుల కూలి అడగడం కొనేవాడికి అన్యాయం. నేను నేర్చుకోవడానికి పట్టిన కాలం ఖర్చు కొనేవాడు ఎందుకు భరించాలి? 800 అడగడం మిస్త్రీకి అన్యాయం. కలప 800, మిస్త్రీ రోజు 1,000, రంపం బ్లేడ్ల అరుగుదల, కరెంటు, పాడైన ముక్కలు, గరుకు కాగితం కలిపి మరో 300 వేస్తే 2,100 దగ్గర తేలుతుంది. మిస్త్రీ కూడా దాదాపు అంతే చెబుతాడు. ఇంటి పక్క ఉద్యోగి అదే స్టూలు 800కు ఇస్తున్నాడని తెలిశాక, కొనేవాడు మిస్త్రీని 2,100 ఎందుకు అడుగుతున్నావని నిలదీస్తాడు. జీతం ఉన్నవాడి సరదా, జీతం లేనివాడి బేరానికి అడ్డొస్తుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. కలకత్తాలో చెక్కపని చేసి బతికేవాళ్లు ఇప్పటికే అన్ని వైపుల నుంచీ ఒత్తిడిలో ఉన్నారు. బౌబజార్ ఫర్నిచర్ దుకాణాల వరసలో కిందంతా షోరూమ్, వెనక ఇరుకు సందులో పాలిష్ పట్టే మనుషులు. ఫ్యాక్టరీలో ఒత్తిన బోర్డు అల్మారాలు ఇంటికే వస్తున్నాయి. రసెల్ వీధిలో 1940 నుంచి నడుస్తున్న రసెల్ ఎక్స్చేంజ్ వేలంలో పాత బర్మా టేకు కుర్చీలు కొత్త కుర్చీ కంటే తక్కువకు దొరికిన రోజులుంటాయి. ఇన్నింటి మధ్య మిస్త్రీ తన రోజుకూలి నిలబెట్టుకోవాలి.

నతున్‌గ్రామ్ సంగతి చూడండి. హౌరా నుంచి కాట్వా లైన్‌లో అగ్రద్వీప్ స్టేషన్ దగ్గరి ఊరు, పూర్వ బర్ధమాన్ జిల్లా. సూత్రధర్ (వడ్రంగి) కుటుంబాలు అక్కడ తరతరాలుగా చెక్కబొమ్మలు చేస్తున్నాయి. గౌరనితాయి, రాజారాణి, అన్నిటికంటే ఎక్కువగా లక్ష్మీదేవి వాహనం గుడ్లగూబ. ఒక్కో గుడ్లగూబ ఒకే దుంగముక్క నుంచి వస్తుంది. మెత్తని కలపముక్కను మొదట బాడిసతో నాలుగు వైపులా చెక్కి, మొన తేల్చి, ముఖం బల్లపరుపుగా ఉంచుతారు. రెక్కలు విడిగా అతకరు, ఒంటికి అంటిపెట్టుకునే ఉంటాయి. ఉలిపని అక్కడితో చాలా తక్కువ. మిగతా రూపమంతా రంగుదే. పసుపో తెలుపో పూత ఆరాక ఎరుపు, ఆకుపచ్చ, నలుపు గీతలతో ఈకలు వస్తాయి, చివర కళ్లు. కళ్లు దిద్దేవరకు అది చెక్కముక్కే. రంగుపనిలో ఇంట్లో ఆడవాళ్ల చేయి ఎక్కువ. 2013లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం యునెస్కోతో కలిసి చేపట్టిన గ్రామీణ హస్తకళా కేంద్రాల్లో నతున్‌గ్రామ్ ఒకటయ్యాక, కొనేవాళ్లు ఊళ్లోకే రావడం మొదలైంది. గుడ్లగూబ ముఖంతో స్టూళ్లు, గడియారాలు, అల్మారా తలుపులు కూడా చేస్తున్నారు. కలకత్తా మేళాల్లో ఈ గుడ్లగూబ మీద బేరమాడేవాళ్లను ఎప్పుడైనా చూడొచ్చు. ఇలాంటి గుడ్లగూబనే ఇంట్లో చేసి స్నేహితులకు చెక్క ఖర్చుకే ఇచ్చే మనిషి, తనకు తెలియకుండానే ఆ బేరంలో కొనేవాడి పక్షాన నిలబడుతున్నాడు.

నందన్ మేళాలో చౌక ధర తప్పుకాదా అంటే, కాదు. అక్కడ తేడా ధరలో కాదు, డబ్బు ఎటు పోతుందన్న దాంట్లో ఉంది. ఏడాదికి రెండు రోజులు, సహాయనిధి కోసం, అందరికీ తెలిసి జరిగే అమ్మకం ఏ మిస్త్రీ రోజుకూలినీ తగ్గించదు.

అమ్మకంలో ఇంకో బరువు ఉంది, అది వస్తువు మీద పూచీ. కలప నార పొడవునా దాదాపు కదలదు, నారకు అడ్డంగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కలకత్తాలో శ్రావణ భాద్రపదాల తేమకూ మాఘమాసపు పొడి గాలికీ మధ్య అడుగున్నర వెడల్పు టేకు పలక కొన్ని మిల్లీమీటర్లు మారిపోతుంది. బల్ల పైపలకను కింది చట్రానికి నాలుగు మూలలా స్క్రూలతో గట్టిగా బిగిస్తే చలికాలంలో ఎక్కడో ఒకచోట నిలువునా చీలుతుంది. స్క్రూ రంధ్రాన్ని కొంచెం కోలగా తీస్తే పలకకు కదిలే చోటు దొరుకుతుంది. సొరుగును వేసవిలో బిగుతుగా చిత్రిక పడితే వానాకాలంలో బయటికి రాదు. కానుకగా ఇచ్చిన బల్ల చీలితే "అయ్యో, ఏం పర్లేదు అన్నయ్యా" అంటారు. అమ్మిన బల్ల చీలితే డబ్బు తిరిగివ్వాలి, లేకపోతే మళ్లీ చేసివ్వాలి. చేసిన వస్తువు ఒక వానాకాలమూ ఒక చలికాలమూ మన ఇంట్లో దాటేదాకా దాన్ని అమ్మకూడదన్నది నా అభిప్రాయం.

చట్టం కూడా ఇక్కడే ప్రవేశిస్తుంది. చాలామంది మొదట చేసేది పిల్లల బొమ్మలు, బండ్లు. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఉంది. బాల్కనీలో బండి చేసే ఉద్యోగికి ఆ మినహాయింపు దానంతటదే రాదు. మేనకోడలికి ఆడుకోవడానికి ఇస్తే ఎవరూ అడగరు, అమ్మితే అడుగుతారు. ఆ నిబంధనను అడ్డంకి అనుకోనక్కరలేదు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు మీద ఏ రంగు వేశామన్నది నిజంగానే ప్రాణాలతో ముడిపడిన విషయం. పన్ను వైపు భయం తక్కువే. సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల రూపాయల అమ్మకాలు దాటేదాకా పశ్చిమ బెంగాల్‌లో జీఎస్టీ నమోదు అక్కర్లేదు. పక్క రాష్ట్రాలకు పంపాలంటే మామూలుగా నమోదు కావాలి గాని, హస్తకళా వస్తువులకు 20 లక్షల దాకా షరతులతో వెసులుబాటు ఉంది.

అమ్మకాన్నీ కానుకనూ మించిన మూడో దారి ఒకటుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే. వస్తువును కాకుండా పనితనాన్ని పంచడం. రథీంద్రనాథ్ జీవితమే దీనికి నిదర్శనం. ఆయన చెక్కపని ఆయనతోనే ఎక్కువగా ఉండిపోయింది. కానీ ఆయనా, ఆయన భార్య ప్రతిమాదేవీ ఐరోపాలో చూసి నేర్చుకొచ్చిన తోలుపనిని శ్రీనికేతన్‌లో నేర్పితే, అది చుట్టుపక్కల కుటుంబాల చేతుల్లోకి వెళ్లింది. ఇవాళ శాంతినికేతన్ తోలు వస్తువులకు భౌగోళిక గుర్తింపు ఉంది, బోల్‌పూర్ ప్రాంతంలో ఎందరికో అది జీవనం.

మన వైపు చూస్తే ఏటికొప్పాక ఉంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణెపట్టి బొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. దానిమీద మొగలిరేకు ఒత్తిపట్టి నిగనిగలాడిస్తారు. రసాయన రంగులు వచ్చాక ఆ బొమ్మలకు గిరాకీ పడిపోతున్న రోజుల్లో సి.వి.రాజు విత్తనాల నుంచీ బెరడు నుంచీ ఆకుల నుంచీ సహజ రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతిని పని చేసి సాధించారు. ఆయన ఆ వృత్తిలో పుట్టిన మనిషి కాదు, వ్యవసాయ కుటుంబం. ఆ రహస్యాన్ని తన దగ్గరే ఉంచుకుని తన దుకాణం పెట్టుకోవచ్చు. ఊరి కళాకారులతో కలిసి పనిచేశారు, నేర్పారు, వాళ్ల బొమ్మలను దేశం బయటికి చేర్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బయటి మనిషి ఒక చేతివృత్తిలోకి అడుగుపెడితే ఎలా పెట్టాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. వృత్తివాళ్లతో పోటీకి దిగకుండా, వాళ్లకు లేనిది ఒకటి తెచ్చి వాళ్ల చేతుల్లో పెట్టారు.

పంచుకుంటే నకలు చేస్తారన్న భయం చాలామందికి ఉంది. మన డిజైన్ చూసి ఎవరో పది చేసి అమ్ముకుంటారని. అభిరుచిగా చేసేవాళ్లకు ఈ భయం అనవసరం. మనం వాడే ప్రతి కుసీ ప్రతి బెజ్జమూ ఎవరో పేరు తెలియని వడ్రంగి నుంచి ఊరికే వచ్చినవే. బతుకుదెరువుగా చేసేవాళ్ల విషయం మాత్రం వేరు. కొండపల్లి అంబారీ ఏనుగునో నతున్‌గ్రామ్ గుడ్లగూబనో సరదాగా చేసి చూడటంలో తప్పులేదు, నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు. దాన్ని ఆ పేరుతో అమ్మడం మాత్రం వాళ్ల తిండి తీసుకోవడమే.

కలకత్తాలో చేతివృత్తులవారి సరుకు నేరుగా కొనడానికి చోట్లు చాలానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ క్రాఫ్ట్స్ కౌన్సిల్ వారి ఆర్టిసానా దుకాణం, ప్రభుత్వపు బిశ్వ బాంగ్లా దుకాణాలు, దక్షిణాపణ్‌లోని రాష్ట్రాల ఎంపోరియాలు, శీతాకాలపు హస్తకళా మేళాలు. చెక్కపని మీద ప్రేమ ఉన్నవాళ్లు ఏడాదికి ఒక్కసారైనా అక్కడ బేరమాడకుండా ఒక వస్తువు కొనాలి. ఆ వస్తువును ఇంటికి తెచ్చి తిరగేసి చూస్తే, ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో చూస్తే, మన చేతికి రానిది ఏమిటో తెలుస్తుంది.

ఇక మీ బాల్కనీలో తయారైన వస్తువు సంగతి. అమ్మాలనిపిస్తే అమ్మండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇవ్వాలనిపిస్తే పైసా తీసుకోకుండా ఇవ్వండి. ధర వేసే ముందు మాత్రం మీ వీధిలో పనిచేసే వడ్రంగి దగ్గరికి ఆ వస్తువును తీసుకెళ్లి చూపించండి. దీనికి నువ్వైతే ఎంత తీసుకుంటావు అన్నా అని అడగండి. ఆయన చెప్పినదానికి ఒక్క రూపాయి తక్కువకు అమ్మకండి.